సీరం టీజీఎఫ్-బీటాలో షుగర్ కిడ్నీ కేసులకు, మామూలోళ్లకు తేడానే వస్తలేదు, తప్పు ఎక్కడున్నది?

#1 హన్మకొండ_బయోకెమ్

రెండు ప్లేట్లు నిండినయి, గ్రాంటు పైసలు ఒడిసినయి, ఫలితం మాత్రం సున్నా. షుగర్ ఉండి మూత్రంలో ఆల్బుమిన్-క్రియాటినిన్ రేషియో 300 దాటినోళ్లు 40 మంది, షుగర్ లేనోళ్లు 40 మంది. సీరంలో (రక్తం గడ్డ కట్టినంక పైన మిగిలే నీరు) టీజీఎఫ్-బీటా1 అనే సిగ్నల్ ప్రోటీన్‌కు ఎలైసా (యాంటీబాడీతో ప్రోటీన్ కొలిచే టెస్టు), ప్రతి శాంపిల్ రెండు వెల్స్‌లో. స్టాండర్డ్ కర్వ్ మంచిగనే వచ్చింది. కానీ రెండు గుంపులూ 20 నుంచి 45 నానోగ్రాముల మధ్యనే కలగాపులగం. షుగరే లేనాయనకు 44, క్రియాటినిన్ 4 ఉన్నాయనకు 23. ఏ పుస్తకం తెరిచినా షుగర్ కిడ్నీలో మచ్చ కట్టించే పెద్దమనిషి టీజీఎఫ్-బీటానే అని రాసి ఉంటది. కిట్టు చెడ్డదా, నా చెయ్యి చెడ్డదా?

#2 పైపెట్_పోచమ్మ

కిట్టును తిట్టకు. ట్యూబు మూత ఏ రంగు?

#3 హన్మకొండ_బయోకెమ్

ఎర్ర మూత. అరగంట గడ్డ కట్టనిచ్చి సెంట్రిఫ్యూజ్‌ల 3000 ఆర్‌పీఎం, 10 నిమిషాలు. అందరికీ ఒకటే పద్ధతి.

#4 పైపెట్_పోచమ్మ

అందరికీ ఒకటే తప్పు అన్నట్టు.

ప్లేట్‌లెట్ల ఆల్ఫా గ్రాన్యూల్స్ (లోపలి చిన్న సంచులు) నిండా టీజీఎఫ్-బీటా1 ఉంటది. రక్తం గడ్డ కట్టినప్పుడు అవి పగిలి అంతా బయట పడ్తది. ఎర్ర మూత ట్యూబులో నువ్వు కొలిచింది కిడ్నీ సంగతి కాదు, ప్లేట్‌లెట్ల సంగతి. నమ్మకపోతే ఆ 80 మంది ప్లేట్‌లెట్ కౌంట్ ఒక గీత మీద, నీ టీజీఎఫ్ విలువ ఇంకో గీత మీద పెట్టి చుక్కలు పెట్టి చూడు. వరుస కడితే నీ ప్రశ్నకు జవాబు దొరికినట్టే.

చెయ్యాల్సింది ప్లేట్‌లెట్లు తీసేసిన ప్లాస్మా మీద. 21 గేజ్ సూది, టోర్నికే గట్టిగా బిగించి ఎక్కువ సేపు ఉంచొద్దు, మొదటి 2-3 మి.లీ. వేరే టెస్టుల ట్యూబులోకి పోనియ్యి. తర్వాత ఊదా మూత ఈడీటీఏ, వెంటనే ఐసులో. 30 నిమిషాల లోపల 1000 జీ (గురుత్వానికి వెయ్యి రెట్ల బలం) దగ్గర తిప్పాలె, 15 నిమిషాలు. పై ప్లాస్మా తీసేటప్పుడు తెల్లపొర మీద కనీసం అర సెంటీమీటరు వదిలెయ్యి. దాన్ని మళ్లీ 10,000 జీ దగ్గర 10 నిమిషాలు, 4 డిగ్రీల చల్లదనంలో. బ్రేక్ బంద్ పెట్టాలె, లేకుంటే ఆగేటప్పుడు కిందిది పైకి లేస్తది.

ఆర్‌పీఎం రాసి జీ అనుకోకు. రోటర్ వ్యాసార్ధం 10 సెం.మీ. అయితే 3000 ఆర్‌పీఎం అంటే సుమారు 1000 జీ. అదే 15 సెం.మీ. రోటర్ అయితే 1500 జీ. మీ మెషిన్ మూత లోపల రాసి ఉంటది, చూడు.

#5 కాజీపేట్_జంక్షన్

ఎర్ర మూతకు, ఊదా మూతకు మధ్య ఒక పీహెచ్‌డీ ఆగిపోయింది. సిగ్నల్ పడలేదు.

#6 హన్మకొండ_బయోకెమ్

#4 చూసి ఇప్పుడే గీసిన. 52 మందికి కౌంట్ దొరికింది. చుక్కలు మెట్లెక్కినట్టు పైకి పోతున్నయి. 44 వచ్చినాయన కౌంట్ 4 లక్షల 10 వేలు.

#7 లూప్_ఆఫ్_హెన్లే

పోచమ్మ అక్క చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. కానీ ప్లాస్మాలో చేసినా పెద్ద తేడా వస్తుందని ఆశ పెట్టుకోకండి. ఇక్కడ అసలు చిక్కు వేరే ఉంది.

టీజీఎఫ్-బీటా రక్తంలో తిరిగి పని చేసే హార్మోన్ కాదు. పుట్టిన చోటే, పక్క కణం మీదే దాని పని. పైగా కణం దాన్ని కట్టేసి బయటికి పంపుతుంది. ల్యాప్ అనే పెప్టైడ్ దాని చుట్టూ సంకెల లాగా ఉంటుంది, ఎల్‌టీబీపీ అనే ఇంకో ప్రోటీన్ ఆ మొత్తాన్ని కణం బయటి మ్యాట్రిక్స్‌కు కట్టి పెడుతుంది. ఈ స్థితిలో అది రిసెప్టర్‌ను ముట్టుకోలేదు. షుగర్ ఎక్కువున్న కిడ్నీలో మీసాంజియల్ కణాలు (గ్లోమెరులస్ అనే వడపోత ముడి మధ్యలో ఉండేవి) థ్రాంబోస్పాండిన్-1 అనే ప్రోటీన్ ఎక్కువ చేస్తాయి, అది ఈ సంకెల విప్పుతుంది. కిడ్నీ గొట్టాల (ట్యూబుల్) కణాల మీద ఉండే ఆల్ఫా-వీ-బీటా-6 ఇంటెగ్రిన్ అనే ప్రోటీన్ కూడా ఆ పనే చేస్తుంది. యాంజియోటెన్సిన్-2 (బీపీ పెంచే హార్మోన్), గ్లోమెరులస్‌లో పెరిగిన ప్రెషర్‌కు కణాలు సాగడం, ఇవి కూడా టీజీఎఫ్-బీటా తయారీని ఎగదోస్తాయి.

విప్పుకున్నాక టైప్-2 రిసెప్టర్‌కు అతుక్కుంటుంది, అది టైప్-1ను (ఆల్క్-5) పక్కకు లాక్కుని ఫాస్ఫేట్ పెడుతుంది, ఆల్క్-5 పోయి స్మాడ్-2, స్మాడ్-3 అనే కబురు మోసే ప్రోటీన్లకు ఫాస్ఫేట్ పెడుతుంది. అవి స్మాడ్-4ను వెంటబెట్టుకుని న్యూక్లియస్‌లోకి వెళ్లి కొల్లాజెన్, ఫైబ్రోనెక్టిన్, పీఏఐ-1 జీన్లను లేపుతాయి. పీఏఐ-1 పెరిగితే పేరుకున్న మ్యాట్రిక్స్ కరగదు. అంటే పోసేది ఎక్కువ, తీసేది తక్కువ. స్మాడ్-7 బ్రేకు లాంటిది, వ్యాధి ముదిరే కొద్దీ ఆ బ్రేకు అరిగిపోతుంది.

కాబట్టి "ఎంత ఉంది" కంటే "విప్పుకుందా, స్మాడ్‌కు ఫాస్ఫేట్ పడిందా" అనేదే ప్రశ్న. అది రక్తం ట్యూబులో కనబడదు.

#8 మిర్చియార్డు

ఎనుమాముల మిర్చి మార్కెట్ భాషల చెప్త. కుట్టిన సంచిల మిర్చి ఉంటే పక్కనే పండుకున్నా తుమ్ము రాదు. సంచి కోస్తేనే ఘాటు. నీ ఎలైసా యార్డుల సంచులు లెక్కపెట్టింది. ఎవని కండ్లు మండినయో లెక్కపెట్టలే.

#9 కాజీపేట్_జంక్షన్

ఆ సంచుల్లో సగం చపాటా అయితే ఇంకా కష్టం, ఎర్రగ కనబడ్తది గని కారం ఉండదు.

#10 హన్మకొండ_బయోకెమ్

కిట్టులో యాసిడ్ స్టెప్ ఉంది గదా, దానితో విప్పుకుంటది అనుకున్న.

#11 పైపెట్_పోచమ్మ

యాసిడ్ పోస్తే అన్ని సంచులూ నువ్వే కోస్తున్నవు. ట్యూబులో విప్పింది నువ్వు, కిడ్నీ కాదు. అందుకే అది "మొత్తం టీజీఎఫ్". యాసిడ్ పోయకుండా ఇంకో వరుస పెడితే అప్పటికే విప్పుకున్నది మాత్రమే తెలుస్తది. ప్లాస్మాలో అది చాలాసార్లు కిట్టు కనీస హద్దు కింద ఉంటది.

యాసిడ్ స్టెప్‌లో జరిగే తప్పులు కూడా చెప్పి పెడ్త. కల్చర్ ద్రవానికైతే 100 మైక్రోలీటర్లకు 20 మైక్రోలీటర్ల 1 నార్మల్ హెచ్‌సీఎల్, 10 నిమిషాలు, తర్వాత 20 మైక్రోలీటర్ల 1.2 నార్మల్ ఎన్ఏఓహెచ్ హెపీస్‌తో కలిపింది. పీహెచ్ 7.2 నుంచి 7.6 మధ్య పడాలె, పట్టీతో చూడు. యాసిడ్ మిగిలితే యాంటీబాడీ అతకదు, విలువ పడిపోతది. 100 కాస్తా 140 అయింది కాబట్టి ఫలితాన్ని 1.4తో గుణించాలె, సగం మంది ఇది మరుస్తరు. సీరం, ప్లాస్మాలకు ఈ కొలతలు వేరే, కిట్టు కాగితం చూడాలె. విప్పిన శాంపిల్‌ను ఫ్రీజర్‌లో దాచొద్దు, అప్పటికప్పుడే ప్లేటుకెక్కియ్యాలె. విప్పుకున్న టీజీఎఫ్ గోడలకు అతుక్కునే రకం, పాలీప్రొపిలీన్ ట్యూబులు వాడు.

#12 వేయిస్తంభాలు

రక్తం వదిలెయ్, మూత్రంలో చూడు. మూత్రంలో టీజీఎఫ్-బీటా పెరిగిందని చూపించిన పేపర్లు చాలా ఉన్నాయి. కిడ్నీ నుంచి నేరుగా వచ్చేది అదే కదా.

#13 లూప్_ఆఫ్_హెన్లే

#12తో సగమే ఏకీభవిస్తాను. ఆల్బుమిన్ 300 దాటిన మనిషికి కిడ్నీ జల్లెడ చిరిగి ఉంటుంది, రక్తంలోని ప్రోటీన్లు కూడా దాంట్లో నుంచి జారతాయి. మూత్రంలో కనబడింది కిడ్నీ తయారుచేసిందా, రక్తం నుంచి కారిందా చెప్పలేం. ఆల్బుమిన్‌తో పాటు పెరిగి, ఆల్బుమిన్ చెప్పిందే చెప్పే మార్కర్ కోసం అంత ఖర్చెందుకు?

#14 వేయిస్తంభాలు

సగం చాలు. మూత్రంలో ఎంసీపీ-1 అనే ప్రోటీన్ సంగతి?

#15 లూప్_ఆఫ్_హెన్లే

అది నయం. ట్యూబుల్ కణాల్లో ఎన్ఎఫ్-కప్పా-బీ (వాపు జీన్లను లేపే స్విచ్) లేచినప్పుడు తయారై మోనోసైట్లను (ఒక రకం తెల్లకణాలు) పిలుస్తుంది, చాలా భాగం అక్కడిదే. కానీ మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉంటే తెల్లకణాలతో లెక్క తప్పుతుంది. మైక్రోస్కోపీలో చీము కణాలు ఉన్న శాంపిల్ పక్కన పెట్టాలి. పట్టిన రెండు గంటల్లోపు స్పిన్ చేసి, పై నీళ్లు చిన్న చిన్న ట్యూబుల్లో మైనస్ 80లో. ఫలితం క్రియాటినిన్ మీద భాగించి రాయాలి. కండ తగ్గిపోయిన ముసలివాళ్లకు క్రియాటినిన్ తక్కువ కాబట్టి రేషియో ఉబ్బుతుంది, ఆ సంగతీ రాయాలి.

#16 పైపెట్_పోచమ్మ

మైనస్ 20లో పెట్టిన మూత్రంలో ఆల్బుమిన్ కూడా తగ్గి కనబడ్తది. ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య వారం దాకా పర్వాలేదు. "ఫ్రీజ్ చేసినం మేడం" అని గర్వంగ చెప్పేటోళ్లను చూస్తేనే భయం. మే నెలల జగిత్యాల నుంచి బస్సుల వచ్చే డబ్బాలైతే ఇంక చెప్పొద్దు, ఐసు హసన్‌పర్తి దాటకముందే నీళ్లు.

#17 కల్చర్_కరుణ

స్మాడ్ ఫాస్ఫేట్ చూడాలంటే కణాల మీదకు రావాలి. ల్యాబులో పెంచే హెచ్‌కే-2 అనే మనిషి కిడ్నీ ట్యూబుల్ కణాలు చాలు. ఇక్కడ నాలుగు చోట్ల జనం జారిపడతారు.

గ్లూకోజ్: మామూలు 5.5 మిల్లీమోలార్, ఎక్కువది 30. దీనికి తోడు 5.5 గ్లూకోజ్ + 24.5 మ్యానిటాల్ గుంపు తప్పనిసరి. అది లేకపోతే వచ్చిన ఫలితం షుగర్‌దా, ద్రవం చిక్కబడితే కణం మీద పడే (ఆస్మాటిక్) ఒత్తిడిదా తేలదు. రివ్యూవర్ మొట్టమొదట అడిగేది ఇదే.

సీరం: కణాలు పెంచే మీడియంలో కలిపే ఎఫ్‌బీఎస్‌లో (ఆవు పిండం సీరం) ఆవు టీజీఎఫ్-బీటా ఉంటుంది, మనిషి కిట్టుకు కూడా అతుకుతుంది. చివరి 24 గంటలు సీరం లేని మీడియం పెట్టాలి. ఖాళీ మీడియాన్ని కూడా ఒక వెల్‌లో వేసి చూడాలి.

బ్లాట్ (ప్రోటీన్‌ను బ్యాండుగా చూసే టెస్టు): కణాలను పగలగొట్టే లైసిస్ బఫర్‌లో ఫాస్ఫటేజ్ ఇన్‌హిబిటర్లు (ఫాస్ఫేట్ ఊడిపోకుండా ఆపేవి) అప్పుడే కలపాలి, పొద్దున కలిపి సాయంత్రం వాడకూడదు. కణాలను ఐసు మీదే గీకాలి. ఫాస్ఫో యాంటీబాడీకి పాలపొడితో బ్లాక్ చేయకండి. పాలలోని కేసీనే ఒక ఫాస్ఫోప్రోటీన్, బ్యాక్‌గ్రౌండ్ నల్లగా వస్తుంది. 5 శాతం బీఎస్ఏ (ఆవు ఆల్బుమిన్) వాడండి. పక్కన మొత్తం స్మాడ్-2/3 బ్యాండ్ ఉండాలి, లేకపోతే ఫాస్ఫేట్ పెరిగిందా, ప్రోటీనే పెరిగిందా అని గొడవ.

కంట్రోల్: బయటి నుంచి 5 నానోగ్రాములు/మి.లీ. టీజీఎఫ్-బీటా1 ఇచ్చి 30-60 నిమిషాల్లో కణాలు తీసి చూస్తే ఫాస్ఫో-స్మాడ్ కళ్లకు కట్టినట్టు కనబడాలి. ఎస్‌బీ-431542 అనే ఆల్క్-5 మందు 10 మైక్రోమోలార్ ముందే ఇస్తే మాయమవ్వాలి. ఈ రెండూ రాకుండా గ్లూకోజ్ బ్యాండ్ గురించి మాట్లాడటం దండగ.

#18 మిర్చియార్డు

పాలపొడి ముచ్చట మంచిగ చెప్పినవ్ అక్కా. మా దిక్కు బ్లాటు నల్లగొస్తే యాంటీబాడీ కంపెనీని తిడ్తరు, పాలడబ్బాను ఎవ్వరూ అనుమానించరు.

#19 రాత్రి_డ్యూటీ

ఇంత తెలిసినప్పుడు టీజీఎఫ్-బీటాను మూసేసే మందు ఎందుకు రాలేదు?

#20 లూప్_ఆఫ్_హెన్లే

ప్రయత్నించారు. 2000లోనే షుగర్ ఎలుకల్లో టీజీఎఫ్-బీటా యాంటీబాడీ మ్యాట్రిక్స్ పేరుకోవడాన్ని ఆపింది, కానీ ఆ ఎలుకల్లో కూడా ఆల్బుమిన్ పెద్దగా తగ్గలేదు. తర్వాత మనుషుల్లో టీజీఎఫ్-బీటా1 యాంటీబాడీ ట్రయల్, అప్పటికే యాంజియోటెన్సిన్ మందుల మీద ఉన్నవాళ్లకు ఇస్తే, ప్రయోజనం లేదని మధ్యలోనే ఆపేశారు. ఇదే ప్రోటీన్ రోగనిరోధక వ్యవస్థను అదుపులో పెడుతుంది, పుండు మాన్పుతుంది. అడ్డంగా నరికితే ఇంకెక్కడో తేలుతుంది.

#21 కల్చర్_కరుణ

నా లెక్కలో అసలు కారణం ఆలస్యం. మచ్చ కట్టాక నిప్పు ఆర్పితే బూడిద పోదు.

#22 లూప్_ఆఫ్_హెన్లే

ఆలస్యం ఒక్కటే అయితే వీఈజీఎఫ్ (రక్తనాళాలను పెంచే సిగ్నల్ ప్రోటీన్) కథ ఏం చెబుతారు? పోడోసైట్లే (గ్లోమెరులస్ జల్లెడ కణాలు) వీఈజీఎఫ్-ఏ తయారుచేసి ఎదురుగా ఉన్న ఎండోథీలియంను (రక్తనాళం లోపలి పొర) బతికిస్తాయి. ఎలుకల పోడోసైట్లలో సగానికి తగ్గిస్తే ఎండోథీలియం ఉబ్బి ప్రోటీన్ కారింది, ఎక్కువ చేస్తే గ్లోమెరులస్ కుప్పకూలింది. క్యాన్సర్‌కు బెవాసిజుమాబ్ (వీఈజీఎఫ్‌ను మూసే మందు) తీసుకునేవాళ్లకు ప్రోటీన్ కారడం, బీపీ పెరగడం అందుకే. ఈ ప్రోటీన్లు తక్కువైనా ముప్పే, ఎక్కువైనా ముప్పే. తొందరగా మొదలుపెట్టినంత మాత్రాన ఆ చిక్కు తీరదు.

#23 కల్చర్_కరుణ

వీఈజీఎఫ్ బతికించేది, టీజీఎఫ్ మచ్చ కట్టించేది, రెండూ ఒక గాటన కట్టలేం. ఒప్పుకోను, కానీ ఆపేస్తా.

#24 గోదావరిఖని_42

సార్, మా ఇంట్లో షుగర్ ఉన్నోళ్లు ఉన్నరు. ఈ టీజీఎఫ్ టెస్టు ఏ ల్యాబుల చేస్తరు, ఎంత తీస్కుంటరు?

#25 పైపెట్_పోచమ్మ

ఈ టెస్టు మీకు అవసరం లేదన్నా, ఎవరన్నా ప్యాకేజీ అని అమ్మినా కొనకు. మీకు కావాల్సినవి రెండే. సంవత్సరానికి ఒకసారి మూత్రంలో ఆల్బుమిన్-క్రియాటినిన్ రేషియో, రక్తంలో క్రియాటినిన్, దాని నుంచి లెక్కగట్టే ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ వడపోత ఎంతున్నదో చెప్పే అంకె). టైప్-2 అయితే షుగర్ తేలిన రోజు నుంచే, టైప్-1 అయితే ఐదేండ్ల తర్వాత.

పొద్దున లేవంగనే మొదటి మూత్రం మంచిది. జ్వరం, మూత్రంల మంట, నెలసరి, ముందు రోజు గట్టి ఎక్సర్‌సైజ్ ఉంటే వారం ఆగాలె. రేషియో 30 లోపు మంచిదే, 30 నుంచి 300 మొదటి హెచ్చరిక, 300 పైన సంగతి ముదిరినట్టు. ఒక్కసారి ఎక్కువొస్తే భయపడొద్దు, మూడు నుంచి ఆరు నెలలల్ల మూడు సార్లు చేస్తే రెండుసార్లు ఎక్కువ రావాలె. పట్టీ ముంచి "ప్రోటీన్ నిల్" అని రాసిస్తే నమ్మి కూసోవద్దు, ఆ పట్టీకి 30-300 మధ్యది చాలాసార్లు అందదు.

#26 గోదావరిఖని_42

పట్టీ మీదనే మూడేండ్లు నడిచింది. రేపే చేపిస్త.

#27 జగిత్యాల_ఫార్మా

సిగ్నల్ ప్రోటీన్ల మీద నిజంగా పనిచేసే మందు కావాలంటే ఫినెరెనోన్ ఉంది కదా. మినరలోకార్టికాయిడ్ రిసెప్టర్‌ను (ఆల్డోస్టిరాన్ హార్మోన్ అతికే చోటు) మూస్తుంది, వాపు, మచ్చ జీన్లు రెండూ తగ్గుతాయి. ఫిడీలియో ట్రయల్ 2020లో వచ్చింది, కిడ్నీ ముప్పు 18 శాతం తగ్గింది.

కౌంటర్ దగ్గర మాత్రం ఒక ప్రమాదం కనబడుతోంది. మన దిక్కు తామరకు ఇట్రాకొనజోల్ శనగల్లెక్క అమ్ముతారు. ఫినెరెనోన్ లివర్‌లో సీవైపీ-3ఏ4 అనే ఎంజైమ్ ద్వారా కరుగుతుంది, ఇట్రాకొనజోల్ దాన్ని గట్టిగా మూసేస్తుంది. రెండూ పడితే రక్తంలో ఫినెరెనోన్ పెరిగి పొటాషియం ఎగబాకుతుంది. క్లారిత్రోమైసిన్ కూడా అంతే. టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్ దానికి తిరగబడి, మందు పని చేయకుండా చేస్తుంది.

#28 రాత్రి_డ్యూటీ

మోతాదు, పొటాషియం హద్దులు కూడా రాసేయండి, నైట్ డ్యూటీలో వెతుక్కోవాల్సి వస్తోంది.

#29 జగిత్యాల_ఫార్మా

ఈజీఎఫ్ఆర్ 60 పైన ఉంటే 20 మి.గ్రా., 25-60 మధ్య 10తో మొదలు. పొటాషియం 5.0 దాటి ఉంటే మొదలుపెట్టరు. నాలుగు వారాలకు మళ్లీ చూడాలి. 5.5 దాటితే ఆపి, 5.0కు దిగాక 10తో మళ్లీ.

#30 లూప్_ఆఫ్_హెన్లే

దానికి తోడు: "తక్కువ సోడియం" అని అమ్మే ఉప్పులో ఉండేది పొటాషియం క్లోరైడ్, అది ఆపించాలి. రోజూ పచ్చిపులుసు తాగే ఇంట్లో చింతపండు సంగతి కూడా అడగాలి. మోకాళ్ల నొప్పికి తీసుకునే డైక్లోఫెనాక్ గోళీ గురించి సూటిగా, పేరు పెట్టి అడగాలి. "నొప్పి గోళీలు వాడతారా" అంటే లేదంటారు, "రెండు రంగుల గోళీ" అంటే జేబులోంచి తీస్తారు. ఏసీఈ మందు, ఏఆర్‌బీ మందు (రెండూ యాంజియోటెన్సిన్‌ను అడ్డుకునే బీపీ మందులే) కలిపి ఇవ్వడం మాత్రం వద్దు. 2013లో ఫలితాలు అచ్చైన వీఏ నెఫ్రాన్-డీ ట్రయల్‌ను మధ్యలో ఆపింది పొటాషియం, అక్యూట్ కిడ్నీ దెబ్బల వల్లే.

#31 కాజీపేట్_జంక్షన్

డపాగ్లిఫ్లోజిన్ (షుగర్‌ను మూత్రంలకు పంపే మందు) కూడా టీజీఎఫ్ మీదే పనిచేస్తది అని క్లాసుల విన్న. అదీ టీజీఎఫేనా?

#32 లూప్_ఆఫ్_హెన్లే

ఈ పేరుతో పరీక్షల్లో మార్కులు పోగొట్టుకున్నవాళ్లు చాలామంది. కిడ్నీ ఫిజియాలజీలో టీజీఎఫ్ అంటే ట్యూబులోగ్లోమెరులర్ ఫీడ్‌బ్యాక్. ఉప్పు మాక్యులా డెన్సా (ట్యూబుల్‌లో ఉప్పును పసిగట్టే కణాలు) దాకా చేరితే అడినోసిన్ ద్వారా లోపలికి వచ్చే రక్తనాళం బిగుస్తుంది, గ్లోమెరులస్‌లో ప్రెషర్ తగ్గుతుంది. డపాగ్లిఫ్లోజిన్ పని అక్కడ. అందుకే మొదటి వారాల్లో ఈజీఎఫ్ఆర్ కొంచెం పడుతుంది, 30 శాతం లోపు అయితే మందు ఆపకూడదు. ప్రెషర్ తగ్గితే కణాలు సాగవు, బయోకెమిస్ట్రీ టీజీఎఫ్ కూడా తగ్గుతుంది, అది వేరే సంగతి.

#33 మిర్చియార్డు

ఒక టీజీఎఫ్ ఇంకో టీజీఎఫ్‌ను తగ్గిస్తదన్నట్టు. అర్థమైంది, నిద్ర పోయింది.

#34 వేయిస్తంభాలు

బార్డోక్సోలోన్ గుర్తు చేయాల్సిందే. ఎన్ఆర్ఎఫ్-2ను (కణాన్ని ఆక్సీకరణ దెబ్బ నుంచి కాచే ప్రోటీన్) లేపే మందు, ఈజీఎఫ్ఆర్ పెరిగిందని అందరూ పండుగ చేసుకున్నారు. 2012లో బీకన్ ట్రయల్ హార్ట్ ఫెయిల్యూర్ వల్ల ఆగింది. ఈజీఎఫ్ఆర్ పెరిగితే కిడ్నీ బాగుపడ్డట్టు కాదు. డపాగ్లిఫ్లోజిన్‌లో కొంచెం పడితే పాడైనట్టూ కాదు.

#35 హన్మకొండ_బయోకెమ్

అయితే రక్తంలో కొలిస్తే అర్థం ఉండే ప్రోటీన్ అసలు లేదా? గైడ్‌కు ఏదో ఒకటి చూపియ్యాలె.

#36 లూప్_ఆఫ్_హెన్లే

ఉన్నాయి. టీఎన్ఎఫ్ రిసెప్టర్ 1, 2 (టీఎన్ఎఫ్ఆర్, వాపు సిగ్నల్ అందుకునే ప్రోటీన్లు). కణం మీద నుంచి తెగి రక్తంలోకి వచ్చే ముక్కలు. 2012లో అమెరికాలోని జోస్లిన్ షుగర్ పరిశోధన సెంటర్ వాళ్లు చూపించారు, ఇవి ఎక్కువున్నవాళ్లలో ఈజీఎఫ్ఆర్ ముందు ముందు వేగంగా పడుతుందని. ప్లాస్మా కిమ్-1 కూడా ఆ కోవదే, ట్యూబుల్ దెబ్బకు గుర్తు. ఒక జాగ్రత్త: వడపోత తగ్గితే టీఎన్ఎఫ్ఆర్‌లు రక్తంలో పోగుపడతాయి, కాబట్టి ఈజీఎఫ్ఆర్‌తో సరిచేయకుండా పోల్చితే కిడ్నీ పనితీరునే రెండోసారి కొలిచినట్టు అవుతుంది.

మీ గుంపులు కూడా మార్చాలి. షుగర్ ఉండి కిడ్నీ బాగున్నవాళ్లు మూడో గుంపుగా కావాలి, లేకపోతే తేడా షుగర్‌దా, కిడ్నీదా తేలదు. ఎవరు టెల్మిసార్టాన్ (ఏఆర్‌బీ మందు) మీద, ఎవరు డపాగ్లిఫ్లోజిన్ మీద ఉన్నారో, ఎన్ని నెలలుగానో రాయండి. మీ 40 మందిలో రెటినోపతీ (షుగర్ వల్ల కంటి లోపలి పొర దెబ్బతినడం) లేనివాళ్లను మళ్లీ చూడండి. షుగర్ ఉన్న మనిషికి మూత్రంలో వచ్చిన ప్రతి ప్రోటీన్ షుగర్ వల్లే కాదు.

#37 వేయిస్తంభాలు

బయాప్సీ అయిన కేసులుంటే స్లైడు మీద ఫాస్ఫో-స్మాడ్ స్టెయిన్ చేయొచ్చు. ముక్క తీసిన వెంటనే ఫార్మలిన్‌లో పడాలి. గంట బల్ల మీద ఉంటే ఫాస్ఫేట్ పోతుంది, స్టెయిన్ నెగటివ్ వస్తుంది, అది నిజం నెగటివ్ కాదు. గ్రేడు షుగర్ కిడ్నీ బయాప్సీలకు వాడే 2010 టెర్వార్ట్ వర్గీకరణ ప్రకారం రాయండి: నాడ్యూల్ (గుండ్రటి మచ్చ ముద్ద) కనబడితే మూడు, సగానికి పైగా గ్లోమెరులైలు పూర్తిగా గట్టిపడితే నాలుగు.

#38 హన్మకొండ_బయోకెమ్

రాసుకున్న. మూడు గుంపులు, ప్లాస్మా టీఎన్ఎఫ్ఆర్-1, మూత్రం ఎంసీపీ-1, మందుల కాలమ్, బయాప్సీ ఉన్న కేసులకు ఫాస్ఫో-స్మాడ్. పాత సీరం 80 ట్యూబులు మైనస్ 80లనే ఉన్నయి, పడెయ్యాల్నా?

#39 పైపెట్_పోచమ్మ

పడెయ్యకు. టీఎన్ఎఫ్ఆర్-1 సీరంలో కూడా మంచిగ వస్తది, ప్లేట్‌లెట్ల గొడవ దానికి అంత ఉండదు. అన్ని గుంపులకూ సీరమే వాడు, సగం సీరం సగం ప్లాస్మా కలపకు. ఒక్కో ట్యూబు ఎన్నిసార్లు కరిగిందో ఫ్రీజర్ రిజిస్టర్‌లో ఉందా?

#40 హన్మకొండ_బయోకెమ్

రిజిస్టర్ ఉంది. అందులో పోయిన ఏప్రిల్‌ల రెండు రోజులు కరెంటు లేదని రాసి ఉంది.

#41 పైపెట్_పోచమ్మ

అప్పుడు ముందు ఐదు ట్యూబులే తియ్యి. కరెంటు పోకముందు వేరే డబ్బాలో దాచిన అదే మనుషుల జోడీ ట్యూబులు ఇంకో ఫ్రీజర్‌లో ఉంటే పక్కపక్కన నడిపి చూడు. 15 శాతం లోపు తేడా అయితే మిగతా 75 తియ్యి.

#42 మిర్చియార్డు

మూత రంగు కూడా చూస్కో.